కరెంటు కంచెకు కాపలా

లోకంలో తాతయ్య నమ్మింది ఒక్క ఎర్రావునే. ఉన్న ఆ ఒక్క ఆవునూ రోజుకు రెండుసార్లు లెక్కపెట్టుకునేవాడు.

కరెంటు కంచె కోసం మూడు దుకాణాలు తిరిగి, అందరికంటే తక్కువ మాట్లాడినవాడి దగ్గర కొన్నాడు. వాగేవాడు మోసం చేస్తాడని ఆయన అనుమానం. ఆ దుకాణదారు నిజంగానే ఏమీ చెప్పలేదు, చెప్పాల్సింది కూడా.

ఏడాదిపాటు ఆవు తీగ జోలికి పోలేదు. ఎండలు ముదిరాక ఒకరోజు దర్జాగా తీగను తోసుకుని పక్కచేలో లేత జొన్నలోకి దిగింది. నీళ్లందక వాడిన లేత జొన్న పశువుకు విషం. రెండు పరకలు కొరికేలోపే తాతయ్య పరుగెత్తి, పలుపు పట్టి లాక్కొచ్చాడు. ఆవు బతికింది.

తీగకు కరెంటు పంపే కంచె పెట్టె టిక్కుటిక్కుమంటూనే ఉంది. తీగ తెగలేదు, కరెంటును నేలకు లాగేసేలా దానికి గడ్డీ ఆనలేదు. తీగకు ఆనించిన టెస్టర్‌లో మాత్రం ఐదు దీపాలకు ఒకటే వెలిగింది.

"ఇది మీసాలోడి పనే. నా కరెంటు మళ్లించుకుంటున్నాడు," అన్నాడు తాతయ్య.

"అవును, మీసాలకు ఇస్త్రీ చేసుకుంటున్నాడు," అంది నాయనమ్మ.

ఇంతలో ఆ పక్కచేను మీసాలాయనే వచ్చాడు. "బాబాయ్, జొన్న తొక్కించుకున్నవాణ్ని నేను. అరుపులు నీవా?" అంటూ పెట్టె దగ్గర వంగి చూశాడు. "పెట్టె నుంచి నేలలోకి దిగ్గొట్టిన ఈ ఎర్తు కడ్డీ చుట్టూ నేల పెంకులా ఎండిపోయిందేంటి? ఇక్కడ తడి లేకపోతే షాకు కొట్టదు. ఇదివరకు పిన్ని గిన్నెలు కడిగిన నీళ్లు ఇక్కడే పోసేదిగా?"

"అది నీకెలా తెలుసు? మా పెరట్లోకి తొంగిచూస్తున్నావా?"

"ముందు అసలు సంగతి చెప్పండి," అంది నాయనమ్మ. "కరెంటు దగ్గర నీళ్లు పోసి చంపుతావా అని రెండు నెలల కిందట నాచేత మాన్పించింది ఎవరు?"

తాతయ్య బకెట్లు తెచ్చాడు. పెట్టె ఆపి, కడ్డీ మొదట్లో రెండు బకెట్ల నీళ్లు పోసి, మళ్లీ వేశాడు. నాలుగు దీపాలు వెలిగాయి. ఆవు తీగకు మూతి ఆనించి, ఒక్క గెంతు వెనక్కి గెంతింది. తాతయ్య ప్రాణం కుదుటపడింది.

"రేపట్నుంచి రోజూ నేనే పోస్తా. నువ్వు మర్చిపోతావు," అన్నాడు.

"పొయ్యండి. పోశారో లేదో నేనొచ్చి మట్టి తొక్కి చూస్తాగా!"

తాతయ్య ఆమె వంక ఎగాదిగా చూశాడు. ఆవు మాత్రం తీగకు బారెడు దూరంలో నిలబడి నెమరు వేసుకుంటోంది.