మూడు కుట్ల రవిక

మా ఇంట్లో బడి బట్టలు ఏ ఏడాది కొలతకు ఆ ఏడాది ఎప్పుడూ కుట్టించలేదు. వచ్చే ఏడాదికి, ఆ పై ఏడాదికి మేం ఎంతవుతామో ఊహించి కుట్టించేవాళ్ళు. జూన్‌లో కొత్త రవికలో నాతోపాటు ఇంకో పిల్ల కూడా పట్టేది. మరుసటి మే నెలకు అదే చంకల్లో బిగిసిపోయేది. అప్పుడు అమ్మ రవికను తిరగేసి, పక్కల్లో ఒక వరస కుట్టు బ్లేడుతో విప్పేది. లోపల దాచిన గుడ్డ అంగుళం బయటికొచ్చేది. ఆ అంగుళం మాత్రం కొత్తగా తెల్లగా ఉండి, మిగతా రవికంతా పాతదని చాటేది. ఎవరి రవిక ఎన్నేళ్ళదో తరగతిలో అందరికీ తెలిసిపోయేది. నాకు దాని గురించి సిగ్గేమీ లేదు. సిగ్గుపడాలని చెప్పినవాళ్ళతో జుట్టు పట్టుకొని కొట్లాడాను కూడా.

మాది పాకాల. నాయన బెల్లం మండీలో గుమాస్తా. ప్రతి మే నెలలో ఆయన చిత్తూరు బజారు నుంచి తెల్ల పాప్లిన్ ఒకే ముక్కగా తెచ్చేవాడు. అన్న చొక్కా, తమ్ముడి చొక్కా, నా రవిక అన్నీ అందులోనే రావాలి. ఆ గుడ్డతోపాటు టైలరుకు ఆదులు పంపేవాళ్ళు. ఆది అంటే కొలత కోసం ఇచ్చే పాత బట్ట. టైలరు తాత మెడలో టేపు వేసుకొనే ఉండేవాడు గానీ, అది మా మీద ఎప్పుడూ పెట్టలేదు. ఆడపిల్లను కొలవకూడదు, మగపిల్లలు ఎండాకాలం సెలవుల్లో చేతికి చిక్కరు. అందుకని ముగ్గురి పాత బట్టలూ కొత్త గుడ్డలో పెట్టి, తువ్వాలులో మూట కట్టి, మండీకి పోతూ నాయన తాత అంగట్లో పెట్టిపోయేవాడు. మూటలో ఎన్ని ఆదులుంటే అన్ని బట్టలు కుట్టాలి. ప్రతిదీ లోపల కాస్త గుడ్డ వదిలి కుట్టాలి. ఏళ్ళ తరబడి అదే పద్ధతి కాబట్టి ఇద్దరి మధ్యా వేరే మాట అవసరం ఉండేది కాదు.

నేను ఏడో తరగతి పాసైన ఏడాది మూటలో రెండే ఆదులున్నాయి.

అన్నది ఒకటి, తమ్ముడిది ఒకటి. ఆ ఏడాది ఉగాదికి ముందు నేను పెద్దమనిషినయ్యాను. ఏడు వరకు మా వీధి చివరి బళ్ళోనే చదువు. ఎనిమిది కావాలంటే రైలు గేటు దాటి హైస్కూలుకు పోవాలి. బడి మానెయ్యమని నాతో ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు. ఇంట్లో పాత చాప తీసేసేటప్పుడు చాపతో చెప్తామా? మూటలో నా రవిక లేకపోవడం చూసి, నా చదువు అయిపోయిందని నేనే తెలుసుకున్నాను.

"నాయనా, నా ఆది పెట్టలేదు" అన్నాను.

"నీకెందుకు మ్మే ఇంక? ఏడు సదివినావు గదా, సాలు."

"అన్న పదికి పోతా ఉండాడు."

"వాడు మగోడు. గేటు దాటిచ్చి ఆడపిల్లను పెద్ద బడికి పంపేదానికి నాకేమన్నా పిచ్చా?"

అంతే. నీళ్ళ పొయ్యి దగ్గరికి పోయి బిందె దించుకున్నాడు. మా నాయన చెడ్డవాడు కాడు. జ్వరమొస్తే నా పక్కనే కూర్చుని తడిగుడ్డ వేసిన మనిషి. అయినా ఆ రోజు ఆయన చేసింది అన్యాయం, అప్పుడూ అదే అన్నాను, ఇప్పుడూ అదే అంటాను.

ఆయన స్నానం చేస్తున్నంతసేపూ మూట వాకిలి ముందు తిన్నె మీదే ఉంది. ఏడో తరగతి రవిక నా ఒంటి మీద ఉంది, విప్పి ఇవ్వలేను. ట్రంకుపెట్టెలో చెయ్యి పెడితే ఆరో తరగతిది దొరికింది. చిన్నదని తెలుసు. ఊపిరి బిగబట్టి అయినా తొడుక్కుంటాననుకొని, మూట ముడి విప్పి, రెండు చొక్కాల మధ్యలో దాన్ని దూర్చి, మళ్ళీ ముడేశాను. నాయన తువ్వాలు ముళ్ళు ఎట్లా వేస్తాడో నాకు బాగా తెలుసు. తల తుడుచుకుంటూ వచ్చి మూట చంకన పెట్టుకొని పోయాడు. అమ్మ చూసిందేమోనని వంటింటి వైపు చూశాను. అమ్మ పొయ్యి ఊదుతూ ఉంది.

తర్వాత పది రోజులు బజారుకు ఏ పని చెప్పినా నేనే పరుగెత్తాను. తాత అంగడి ముందు నడక తగ్గించి లోపలికి తొంగి చూసేదాన్ని. మిషను పక్కన పాకాల పిల్లలందరి తెల్లగుడ్డా కుప్పగా పడి ఉండేది. ఆ కుప్పలో నాది ఏదో తెలిసేది కాదు. కత్తెర పడితే చాలు. ఒకసారి కోసిన గుడ్డను ఎవరూ మళ్ళీ అతికించలేరు, నాయన కూడా.

బడులు ఇంక రెండు రోజుల్లో తెరుస్తారనగా నాయన బట్టలు తెచ్చి తిన్నె మీద విప్పాడు. అమ్మ అక్కడే కూర్చుని చిన్న సుత్తితో చింతపండు కొట్టి గింజలు తీస్తూ ఉంది. అన్న ఆత్రంగా తన చొక్కా లాక్కున్నాడు. పదో తరగతికి నిండు చేతుల చొక్కా కావాలని ఎండాకాలమంతా ప్రాణం తీసి నాయనతో ఒప్పించుకున్నాడు. తీరా చూస్తే చేతులు మోచేతి పైనే ఆగిపోయాయి.

"నిండు చేతులు పెట్టమని సెప్పినా గదా నాయనా!" అని ఏడుపు మొహం పెట్టాడు.

నాయన చొక్కా తిప్పి చూశాడు, మూటలో దాని కింద చూశాడు. రవిక బయటపడింది.

"ముసలోడికి కండ్లు కనపడతా ఉన్నట్టు లేదు. ఎవురిదో రవిక మనకు కట్టిచ్చినాడు. పోయి ఇచ్చేసి రా మ్మే" అని నా చేతికి అందించాడు.

అందుకొని పరుగెత్తి, కాసేపు ఎక్కడైనా తిరిగి రావచ్చు. అబద్ధం ఆడొచ్చు. ఆ రెండూ నాకు చేత కాలేదు.

"అది నాదే. ఆది నేనే పెట్టినా" అన్నాను.

"ఎవుర్ని అడిగి పెట్టినావు?"

"ఎవుర్నీ అడగలా. అడిగితే వద్దంటావు గదా."

చెంప పేలిపోయింది. నేను ఏడవలేదు. రవిక మాత్రం రెండు చేతులతో గుండెకు అదిమి పట్టుకున్నాను. నాయన దాన్ని లాక్కోబోయి, నా చేతులు ఎక్కడున్నాయో చూసి, వెనక్కి తగ్గాడు. "కుట్టేసినాడు గదా, ఇంట్లో తొడుక్కో. గేటు మాత్రం దాటేది లేదు" అని కండువా దులుపుకొని వీధిలోకి పోయాడు.

అమ్మ చేతిలో సుత్తి ఆగలేదు. ఒక్క మాట లేదు, తల ఎత్తనైనా లేదు. నాయన కొట్టిన దెబ్బ సాయంత్రానికి చల్లారింది. అమ్మ మీద మంట మాత్రం చల్లారలేదు. కన్నకూతురి చెంప మీద దెబ్బ పడితే చింతపండు కొట్టుకుంటూ కూర్చునే తల్లి నాకెందుకు అనుకున్నాను. రెండు రోజులు ఆమె పెట్టిన అన్నం తిన్నాను గానీ ఆమెతో మాట్లాడలేదు.

రవిక ఒక్కటుంటే సరిపోదు. ఏడో తరగతి పాసైన వాళ్ళ కాగితాలన్నీ మా బడి అయ్యవారే హైస్కూలుకు పంపేవాడు, కాబట్టి నా పేరు అక్కడ ఉంటుంది. నీలం పావడా ఉంది. ఇంట్లో కట్టుకునేదానికని చెప్పి అమ్మ దాని కింది మడత ముందే విప్పేసింది. కానీ ఎనిమిది నుంచి ఆడపిల్లలు తెల్ల వోణీ వేసుకోవాలి. వోణీ లేకుండా బడి గేటు లోపలికి కూడా రానివ్వరని మా వీధి పిల్లలు చెప్పారు. తెల్ల వోణీ నాయన కొనడు. అమ్మ అడగదు. నాకు ఇంకెవరూ లేరు.

బడి తెరిచే రోజు పొద్దున పెరట్లో తీగ మీద నాయన మంచి పంచె ఆరేసి ఉంది. ఎనిమిది మూరల పంచె, పచ్చటి అంచు. పెళ్ళిళ్ళకు తప్ప కట్టడు. నీలిమందు పెట్టి, పలచగా గంజి పెట్టి ఉతికినట్టుంది, కళ్ళు చెదిరేంత తెల్లగా ఉంది. దగ్గర్లో పెళ్ళి లేదు, పండగ లేదు, అదెందుకు అక్కడుందో ఆలోచించే తీరిక నాకు లేదు. లాగేశాను. నీలం పావడా కట్టుకొని, కొత్త రవిక తొడుక్కొని, పంచెను వెడల్పులో సగానికి మడిచి నడుములో దోపి, ఒక చుట్టు తిప్పి భుజం మీద వేసుకున్నాను. జాస్తిగా మిగిలిన గుడ్డను నడుం చుట్టూ బిగించి కట్టాను. రవిక ఊపిరి బిగబట్టకుండానే పట్టింది. తొందరలో దాన్నీ పట్టించుకోలేదు.

తిన్నె మీద నాయన చెప్పులేసుకుంటున్నాడు. ఎదురింటి వాళ్ళు వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆయన ముందు నన్ను చూశాడు, తర్వాత పచ్చటి అంచు చూశాడు.

"అది నా పంచె" అన్నాడు.

"తెలుసు నాయనా. వోణీ తెచ్చిస్తే నీ పంచె నీకిచ్చేస్తా."

ఎదురింటామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెయ్యి పైకి లేస్తుందని చెంప బిగించి నిలబడ్డాను. కొడితే కొట్టనీ, పంచె విప్పాలంటే ఆయనే వీధిలో విప్పాలి. కాట్పాడి వైపు పోయే బండి కూత వినిపించింది. గేటు పడితే బడికి ఆలస్యమవుతుంది, నాకు ఆ భయం ఒక్కటే. నాయన రెండో చెప్పు వేసుకున్నాడు.

"అంచు లోపలికి మడిసి కట్టు. మగోళ్ళ పంచె అని ఊరంతా తెలియాల్నా?" అన్నాడు.

పొమ్మని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు. ఆ ఒక్క మాటనే పొమ్మన్నట్టు తీసుకొని మెట్లు దిగాను. అంచు మడవలేదు. పచ్చటి అంచు భుజం మీద బాగా కనపడేట్టు వేసుకొనే రైలు గేటు దాటాను.

తరగతిలో పిల్లలు నవ్వారు. టీచరమ్మ దగ్గరికి పిలిచి, ఇదేం వోణీ అని అడిగింది. "మా నాయన పంచె" అని వెనక బెంచీ దాకా వినపడేట్టు చెప్పాను. ఆమె అంచు పట్టుకొని చూసి, "మంచి నేతమ్మా, కూర్చో" అంది. నేను ముందు బెంచీలో కూర్చున్నాను.

సాయంత్రం ఇంటికి వస్తుంటే టైలరు తాత అంగట్లోంచి పిలిచాడు.

"పాపా, రవిక సరిపోయిందా?"

"సరిపోయింది తాతా. ఆది చిన్నదైనా బాగా కుట్టినావు."

"ఆ ఆది యాడుండాది? దాన్ని మీ యమ్మ ఎనక్కి తీసుకునింది గదా."

నేను నిలబడిపోయాను. ఆయన సూదిలో దారం ఎక్కించుకుంటూ తాపీగా చెప్పుకుపోయాడు. "మీ నాయన మూట పెట్టిపోయిన మరుసటి దినమే వచ్చింది, నీళ్ళబిందె సంకలో పెట్టుకోని. మూట యిప్పించి, నువ్వు పెట్టిన రవిక తీసేసి, 'ఇది దానికి ఎప్పుడో బిగుతైపోయింది, ఈ కొలతకు కుట్టు' అని ఇంగొకటి ఇచ్చింది. తన రవికనే పక్కలు పట్టి, సేత్తో కుట్టి నీ కొలతకు తెచ్చింది. గుడ్డ సాలదమ్మా అంటే, 'పెద్దోడికి పొట్టి సేతులు పెట్టు, వాడేమీ సచ్చిపోడు' అనింది. నీ దాంట్లో మాత్రం లోపల మూడు కుట్లు వెయ్యమని ఒకటికి రెండుసార్లు సెప్పింది."

పొద్దున తీగ మీద పంచె ఎవరు ఆరేశారో అప్పుడు తెలిసింది. ఇంటికి పోయేసరికి అమ్మ తిన్నె మీద అదే చోట చింతపండు కొడుతూ ఉంది. పుస్తకాల సంచి పడేసి ఎదురుగా కూర్చున్నాను. రెండు రోజుల మౌనం కోపంగానే తెగింది.

"ఆ పొద్దు నాయన నన్ను కొట్టినప్పుడు నువ్వెందుకు నోరు తెరవలా?"

"తెరిసింటే? తల్లీకూతుర్లు కూడబలుక్కోని చేసినారని రవికను పొయ్యిలో పెట్టేసేవాడు. నీ ఒక్కదాని మొండితనమైతే రెండు దినాలు అరిసి గమ్మునుంటాడు."

"దెబ్బ తినింది నేను."

"రవిక తొడుక్కునేది గూడా నువ్వే గదా" అంది అమ్మ.

నాకు కోపం పూర్తిగా పోలేదు, నిజం చెప్పాలంటే ఇప్పటికీ కొంచెం ఉంది. కానీ ఏడుపొచ్చింది. అమ్మ సుత్తి పక్కన పెట్టి, చింతపండు చేతులు కొంగుకు తుడుచుకొని, నా రవిక అంచు తిరగేసి చూపించింది. ఒకదాని పక్కన ఒకటి మూడు వరసలు.

"ఎనిమిదికి ఒకటి, తొమ్మిదికి ఒకటి, పదికి ఒకటి" అని వేలితో ముట్టి చెప్పింది. "మూడో కుట్టు దాకా రాకముందే బడి నిలిపితే కాళ్ళిరగ్గొడతా. నీవైనా సరే, మీ నాయనవైనా సరే."