ముక్కు మీద బొడిపె

తొంభైల మొదట్లో కంపెనీ పని మీద ఒమాన్‌లోని సూర్ వెళ్లాను. ఒక పొద్దున సముద్రం ఒడ్డున నిలబడితే, నీళ్ల మీద ఒంటరిగా నల్లటి సముద్రపు బాతు కనిపించింది. రెక్కలో తెల్ల మచ్చ చూడగానే పొంగిపోయి, నోట్‌బుక్‌లో వెల్వెట్ స్కోటర్ అని రాసి మూసేశాను. నా పక్షుల పుస్తకంలో అలాంటిది ఒకటే ఉండేది.

పక్కనే వల బాగుచేసుకుంటున్న ముసలి ఒమానీ జాలరి హిందీలో పలకరించాడు. కుర్రతనంలో పడవ మీద బొంబాయి తిరిగాడట.

"ఏం రాశావు భాయ్?"

"దాని పేరు."

"అంతేనా?" అని నా బైనాక్యులర్స్ తీసుకుని చాలాసేపు చూశాడు. "దూరాన పడవ కనిపిస్తే మేం పేరు చెప్పం. పేరు తప్పొచ్చు. ఆకారం చెప్తాం. దీని ముక్కు మీద బొడిపె ఉంది చూడు. గియ్యి."

పక్షుల గురించి నాకే చెప్తాడా అని చిరాకేసింది. పెద్దాయన మాట కాదనలేక గీశాను. "ఇంకా ఎత్తు," అంటూ రెండుసార్లు దిద్దించాడు.

ఏళ్ల తర్వాత నిపుణులు ఆ ఒక్క జాతినీ మూడుగా విడదీశారు. ఒమాన్ పక్షుల పాత రికార్డులు సరిచూసే మిత్రుడు ఫోన్ చేశాడు. "మూడింటిలో మీరు చూసింది ఏది? పేరొక్కటే ఉంటే ఆ రికార్డు తీసేయాల్సిందే."

నోట్‌బుక్ తెరిచాను. ఆ మూడింటిలో అంత ఎత్తు బొడిపె సైబీరియా బాతుకే ఉంటుంది. రికార్డు నిలబడింది.

ఆయన పేరు నేను అడగనేలేదు. అందుకే రికార్డులో 'చూసినవారు' అన్నచోట నా పేరు పైన, ఆయన నేర్పినట్టే రాశాను: తెల్ల గడ్డం, నీలం గళ్ల లుంగీ, పొడవాటి వేళ్లు.