కంకి అంచు, కట్టేసిన వైరు

విజయవాడ నుంచి ఉయ్యూరు బస్సులో కొత్త పవర్ సప్లైని ఒళ్లో పెట్టుకుని వస్తూ, కంకిపాడు దాకా కూడా ఆగలేక అట్టపెట్టె విప్పేశాను. ముందురోజు కరెంటు పోయి వచ్చినప్పుడు మా కంప్యూటర్‌లో పాతది టప్‌మని పోయింది. బిగించడానికి మనిషిని పంపాలంటే రెండు రోజులు పడుతుందన్నాడు షాపతను. నేనే మార్చుకుంటానన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపుతో నా పట్టుదల రెట్టింపయింది.

నిజానికి నాకు ఆగే వ్యవధి లేదు. మాది నేత ఇల్లు. చీర అంచులన్నీ మామగారి కాలంలో గ్రాఫు కాగితాల మీద గీసినవే. కంప్యూటర్‌లో గీయడం నేర్చుకుని నేను వరి కంకులతో ఒక అంచు తయారు చేశాను. నా మొట్టమొదటి అంచు! ఆ సాయంత్రమే మా ఆయన విజయవాడ చీరల షావుకారుగారిని ఇంటికి తీసుకొస్తున్నారు. ఆయనకు నచ్చితే నా కంకులు మగ్గమెక్కుతాయి. అవి ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

"డబ్బాలో గీసిన అంచు నేతకొస్తుందంటావా అమ్మాయ్?" అని అత్తగారు మొదటినుంచీ అంటూనే ఉన్నారు. ఊహ తెలిసినప్పటి నుంచి మగ్గం మీద కూర్చున్న మనిషి. మోకాళ్లు సహకరించక ఈ మధ్యే మానేశారు. అలా అంటూనే, కొత్త పవర్ సప్లైకి పసుపు రాసి బొట్టు పెట్టింది కూడా ఆవిడే.

పాతది విప్పేముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాను. కొత్తది బిగించి, వెడల్పాటి పెద్ద వైరు పెట్టాను, హార్డ్ డిస్క్ వైరు పెట్టాను. ఇంకా బోలెడు వైర్లు మిగిలాయి. అవన్నీ అదనమేననుకున్నాను. పొయ్యి మీద పప్పు సంగతి గుర్తొచ్చి వంటింట్లోకి పరుగెత్తాను.

తిరిగొచ్చేసరికి అత్తగారు మిగిలిన వైర్లన్నిటినీ చక్కగా మడిచి, నూలుదారంతో కట్ట కట్టి, కంప్యూటర్ పెట్టె అడుగున సర్దేశారు. నేత ఇంట్లో పోగు వేలాడితే ఆవిడకు నిద్ర పట్టదు.

"ఎంత బాగా సర్దారో అత్తయ్యగారూ!" అని మురిసిపోతూ స్విచ్చేశాను. ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. అత్తగారు నవ్వి, "కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, ఇంకా తెర వెలగందే ఆ సంబరమేంటే?" అన్నారు.

తెర వెలగలేదు. సిగ్నల్ లేదంటూ మానిటర్ ఓ ముక్క చూపించి ఆరిపోయింది. మానిటర్ వైరు తీసి పెట్టాను. ర్యామ్ ఊడదీసి, రబ్బరుతో రుద్ది పెట్టాను. మళ్లీ అదే తంతు, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగానే ఉంది. అంతలో మా ఆయన ఫోన్: "బయల్దేరాం, కాఫీకి పాలున్నాయా?" పాలున్నాయి, అంచే లేదు. ఆ మాట చెప్పలేక ఊఁ కొట్టాను.

ఏడుపు ముంచుకొస్తుంటే ఫోన్‌లో ఇందాకటి ఫొటోలు తెరిచి చూశాను. ప్రాసెసర్ పక్కన, ఓ మూల, నాలుగు పిన్నుల చిన్న వైరు! పెట్టెలో చూస్తే ఆ చోటు ఖాళీగా ఉంది. ప్రాసెసర్‌కి కరెంటే అందకపోతే తెర ఎలా వెలుగుతుంది? వైరు కోసం వెతికితే అది అత్తగారి కట్టలో ఉంది.

"కావాలనే కట్టేశారా?" అనేశాను. నోరు జారింది. నేను కత్తెర అందుకోబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "వైరు తెగితేనో?" అని, గోటితో ఒక్క లాగు లాగారు. ముడి ఊడిపోయింది. వైరు పెట్టాను, క్లిక్కుమంది. స్విచ్చేశాను.

బీప్! ఆ కూతకి ఇద్దరం ఒకేసారి అరిచాం. తెర వెలిగింది, ఫైలు తెరుచుకుంది, ఎర్రటి నేల మీద నా బంగారు కంకులు బారులు తీరి నిలబడ్డాయి. నేను అత్తగారిని వాటేసుకున్నాను. ఆవిడ నా భుజం మీదుగా తెరనే చూస్తున్నారు. కాసేపటికి, "కంకి అలా నిక్కబొడుచుకోకూడదమ్మా, పండిందంటే ఒంగాలి" అన్నారు. ఒంచాను. అంచుకి ప్రాణం వచ్చింది.

షావుకారుగారు కాఫీ తాగుతూ చాలాసేపు చూశారు. ఆయన నన్నేమీ అడగలేదు. అత్తగారి వైపు తిరిగి, "చూట్టానికి బానే ఉందండీ. కంప్యూటర్లో గీసింది కదా, నేతకొస్తుందంటారా?" అన్నారు.

అది ఇన్నాళ్లూ ఆవిడ నన్నడిగిన ప్రశ్నే. నేను తలొంచుకున్నాను.

"రాకేవండీ," అన్నారు అత్తగారు. "మొదటి చీర నేనే నేసి పంపిస్తాను, చూడండి."

మోకాళ్ల సంగతి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.