ఒక్క గొడుగే మిగిలిన ఫైలు

బస్టాండులో పోయిన వస్తువుల గదిని ఇరవై రెండేళ్లుగా చూసుకుంటున్న ఆవిణ్ణి డ్రైవర్లంతా సంచులక్క అంటారు. బస్సులో ఎవరేం మర్చిపోయినా ఆవిడ దగ్గరికే చేరుతుంది. తేదీ, బస్సు నంబరు రాసిన చీటీ కట్టి అరలో పెడుతుంది. అవే వివరాలు కంప్యూటర్లో ‘దొరికినవి’ అనే ఫైల్లో ఎక్కిస్తుంది. పోగొట్టుకున్నవాళ్లు వచ్చి చెప్పే మాటలు ‘పోయినవి’ అనే ఇంకో ఫైల్లో. రెండూ పక్కపక్కన పెట్టి చూసే తీరిక ఎవరికుంది?

ఆ పని కంప్యూటర్ చేతే చేయించాలని, యాభై రెండో ఏట పైథాన్ అనే ప్రోగ్రాముల భాష నేర్చుకుంటానంటే ఇంట్లో ఎవరూ నవ్వలేదు, మొగుడు తప్ప. బళ్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే కోడలు మాత్రం సరదాపడి పక్కన కూర్చుంది.

“ఫైలు చదవాలంటే ఆర్ అనే అక్షరం పెట్టి తెరవండత్తయ్యా. రాయాలంటే డబ్ల్యూ.”

మర్నాడు ఒక గొడుగు వచ్చింది. సంచులక్క హుషారుగా డబ్ల్యూ పెట్టి ‘దొరికినవి’ తెరిచి, గొడుగు సంగతి రాసి మూసేసింది. మళ్లీ తెరిచి చూస్తే గొడుగు తప్ప ఏమీ లేదు. మూడువందల పదహారు వస్తువులు మాయం! వెంటనే కోడలికి ఫోన్ చేసింది.

“అయ్యో, తప్పు నాదే! డబ్ల్యూ పెడితే పాతదంతా చెరిగిపోతుంది. చివర చేర్చాలంటే ‘ఏ’ అనే అక్షరం పెట్టాలి. కాపీ ఏమైనా ఉందా?”

“కాపీ లేదు గానీ, సామానంతా నా ముందే ఉందిగా!” అని సంచులక్క తనే ఫక్కున నవ్వేసింది.

డ్యూటీ దిగిన కండక్టరొకాయన అరల మధ్య నిలబడి, స్టాపుల పేర్లు అరిచే గొంతుతోనే చీటీలు చదివాడు. “ఎడమకాలి బూటు ఒకటి! పద్నాలుగో నంబరు బస్సు!” ఆవిడ టైపు చేసింది. రెండు మధ్యాహ్నాల్లో ఫైలు నిండింది. వెంటనే దానికో కాపీ తీసింది.

తర్వాత అత్తాకోడళ్లు కలిసి చిన్న ప్రోగ్రాం రాశారు. రెండు ఫైళ్లనూ ఆర్‌తో తెరిచి, తేదీ, బస్సు నంబరు కలిసిన వరుసల్ని మూడో ఫైల్లో రాయాలి. ఆ మూడోదానికి డబ్ల్యూ పెట్టేటప్పుడు ఆవిడ వేలు ఆగింది. కొత్త ఫైలేనని ముమ్మారు చూసుకుని మరీ నొక్కింది.

అరవై రెండు కలిశాయి! మొట్టమొదటిది ఆ బూటే. దాని ఎదురుగా, నాలుగేళ్ల కిందట ఒక దర్జీ చెప్పిన మాట: ‘మా నాన్న కుట్టిన జోడులో ఒకటి.’

ఫోన్ అందుకున్న దర్జీ, దాచుకున్న కుడికాలి బూటు తొడుక్కుని పొద్దున్నే వచ్చేశాడు. ఆయనకి ఎడమకాలు పొట్టి. చెప్పులు కుట్టే తండ్రి ఆ బూటుకి మూడు వేళ్ల ఎత్తున అట్ట వేసి కుట్టాడట. దర్జీ దాన్ని తొడుక్కుని నిలబడ్డాడు. తలుపు దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ నడిచాడు.

“వేరేవి ఎన్ని కుట్టించుకున్నా ఒక్కటీ కుదర్లేదమ్మా. ఇదిగో, ఇప్పుడు రెండు కాళ్లూ సమంగా ఆనుతున్నాయి” అన్నాడు, ఒళ్లంతా నవ్వవుతూ.

నెల తిరిగేసరికి నలభై ఏడు వస్తువులు ఇళ్లకి చేరాయి. సంచులక్క కోడల్ని పట్టుకుంది.

“ఏమ్మా, వస్తువు దొరకగానే దాని మనిషికి కబురు వెళ్లేలా చెయ్యొచ్చా?”

“చెయ్యొచ్చు. ఆదివారం కూర్చుందామా?”

“ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే చెప్పు” అంది ఆవిడ, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ.