ఎదురుకాళ్ల మంగయ్య

పర్ణశాల దాటి అడవి అంచున ఉన్న ఆ ఊళ్లో ఎవరికి నడుము పట్టినా మంగయ్య గడప ముందు బోర్లా పడుకోవాల్సిందే. తల్లి కడుపులోంచి తల కాకుండా కాళ్లు ముందుగా వచ్చినవాడు తొక్కితే నొప్పి వదులుతుందని అక్కడి నమ్మకం. అలా పుట్టిన మంగయ్య కుడికాలితో మూడుసార్లు తొక్కుతాడు. నొప్పి తగ్గినవాళ్లు ఊరంతా చెప్పుకుంటారు, తగ్గనివాళ్లు సిగ్గుపడి ఊరుకుంటారు. అందుకే నలభై ఏళ్లుగా ఆ కాలికి పేరు పెరిగిందే గానీ తరగలేదు. కూలికి పోయి బతికే మనిషి కాలికింద సర్పంచి కూడా పడుకుంటుంటే, ఆ మాత్రం గర్వం ఉండదా మరి!

కూతురు నవత తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. తొమ్మిదో నెలలో స్కానింగు తీస్తే బిడ్డ కాళ్లు కిందికి ఉన్నాయన్నారు. ఆశా కార్యకర్త కళావతి ఆ కాగితం పట్టుకుని ఇంటికే వచ్చింది.

"మామా, నొప్పులు రాకముందే దవాఖానాల చేర్పియ్యాలె. ఆపరేషన్ చేస్తరు. గీ సోమారం పోదాం."

మంగయ్య మొహం వెలిగిపోయింది. "నా మనవడు నా లెక్కనే వస్తుండా! కడుపు కోసి తీస్తే గా గుణం యాడికెళ్లి వస్తది? నేను గట్ల పుట్టలేదా? నాకేమైంది?"

"నీకు కాలేదు మామా, గని అందరికీ..."

మాట పూర్తి కానివ్వలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. భార్య వెంకమ్మకు లోపల భయంగానే ఉంది గానీ, మొగుడికి ఎదురు చెప్పడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. నవత మాత్రం తండ్రి మొహంలోకి చూసి అడిగింది.

"భయం లేదంటవా నాయినా?"

"నన్ను చూస్తలేవా బిడ్డా, ఎట్లున్న?"

నవత నమ్మింది. కూతురు తండ్రిని నమ్మక ఇంకెవరిని నమ్ముతుంది? సోమవారం వచ్చింది, పోయింది.

గురువారం పొద్దున ఉమ్మనీరు పోయి నొప్పులు మొదలయ్యాయి. కళావతి అంబులెన్సుకు ఫోన్ చేసి, "ఎవ్వలూ గుంజొద్దు, బండి వస్తున్నది" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. అప్పటికే రెండు పాదాలు బయటికొచ్చి, బిడ్డ నడుము దాకా జారింది. మగబిడ్డ. కంగారులో వెంకమ్మ ఆ కాళ్లు పట్టి లాగేసింది. లాగకూడదు. లాగితే బిడ్డ చేతులు పైకి లేస్తాయి, గడ్డం పైకెత్తుకుని తల ఇరుక్కుంటుంది. అదే అయింది. ఒళ్లంతా బయట, తల లోపల. అంబులెన్సులో వచ్చినతను నానా తంటాలు పడి తల తీసేసరికి బిడ్డ నీలమైపోయాడు. ఎంత రుద్దినా ఏడవలేదు.

నవతకు నెత్తురు ఆగలేదు. భద్రాచలం చేరాక నాలుగు సంచుల రక్తం ఎక్కిస్తే ప్రాణం నిలిచింది. కాన్పంటే ఆడదానికి పునర్జన్మ అంటారు. ఆమెకు అది దక్కింది, కొడుక్కి మొదటి జన్మే దక్కలేదు. ఊళ్లోవాళ్లు మంగయ్యను ఒక్కమాట అనలేదు, అంతా రాత అన్నారు. రాతకు నోరు లేదు కదా, ఎంత బరువైనా దాని నెత్తిన పెట్టొచ్చు.

మూడోనాడు నవత నోరు విప్పింది. పక్కన స్టూలు మీద మంగయ్య కూర్చుని ఉన్నాడు.

"నాయినా, నాయినమ్మ సంగతి నువ్వెన్నడు చెప్పలే. నువ్వు పుట్టినంక ఎన్నొద్దులు బతికింది?"

మంగయ్య తన పుట్టుక గురించి వందలసార్లు గొప్పగా చెప్పాడు. ఈ ముక్క అందులో ఎప్పుడూ లేదు. ఎవరూ అడగలేదు, అతనూ తలచుకోలేదు.

"పొద్దుగూకేదాకా," అన్నాడు. "నెత్తురు ఆగలేదంట."

నవత తండ్రి వైపు తిరిగింది.

"గది చెప్తే సోమారం నేనే నడుసుకుంట దవాఖానాకు పోతుంటి గద నాయినా."