చెమర్చని కుండలు

1980 జూన్ 29, ఆదివారం, ఉదయం ఆరుంపావు. మా పెరట్లో మిగిలిన ఒక్క మట్టికుండలో నీళ్లు పోసినప్పుడల్లా, తడిమట్టి వాసనతో పాటు ఆ గడియ తిరిగొస్తుంది. నాకప్పుడు పన్నెండేళ్లు.

అమెరికాలో, టెక్సాస్‌లోని ప్లేనో ఊరి చివర నాన్న కౌలుకు తీసుకున్న అరెకరంలో వాన పడి నలభై రోజులైంది. డ్రిప్ పైపుల ధర అడిగి ఉత్తచేతులతో తిరిగొచ్చిన నాన్న, అనంతపురంలో తన చిన్నప్పటి పద్ధతే మేలన్నాడు: మొక్కల నడుమ అంచుదాకా కుండ పాతి నీళ్లు నింపితే, కుండ చెమర్చినంత వేరు తాగుతుంది. ఇరవై నాలుగు మట్టి పూలకుండీలు కొని, అడుగున ఉన్న చిల్లులు సిమెంటుతో మూసి, వసారాలో ఆరబెట్టాడు. ఒక్కోదాని చుట్టూ నాలుగు చొప్పున తొంభై ఆరు గోంగూర మొక్కలు. నాయనమ్మ చీరకొంగున ముడేసి తెచ్చిన విత్తనాలవి. అనంతపురంలో మా ఊళ్లో ఆ ఏడు పంట ఎండిపోయింది, ఇంకో పిడికెడు వచ్చే దారి లేదు.

ఆ ఆదివారం ఆరుంపావుకు మొదటి కుండ పాతాం. పికప్ ట్రక్కు తలుపు ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనే ఎండలో, పీపాలతో ఇంటినుంచి నీళ్లు మోసి, నింపి, పళ్లేలు మూతపెట్టాం. కుండలో నీటిమట్టం స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో రాశాను: తొమ్మిది అంగుళాలు. మంగళవారం సాయంత్రానికీ తొమ్మిదే. మొక్కలు తలలు వాల్చేశాయి.

"నాన్నా, లెవెల్ చేంజే అవ్వలేదు," అన్నాను.

నాయనమ్మ మురిసిపోయింది. "యాడవుతాదే పాపా! గంజి పోసి, ఆముదం పట్టించి, రెండు దినాలు ఎండబెట్టినా. సుక్క కారదు."

నాన్న నెత్తి పట్టుకున్నాడు. "ఎంత పని చేస్తివి మా! అవి కారాలనే కదా పాతింది!"

"కారే కుండ ఎవురింట్లో పెట్టుకుంటారురా? ముందే సెప్పాల్సింది," అంది గానీ, వాలిన మొక్కలు చూసి తనే పార అందుకుంది.

అన్నీ తవ్వి తీసి, బట్టల సోడా వేసి మరగబెట్టాం. ఇల్లంతా ఆముదం, పులిసిన గంజి కంపు. వేళ్లు తోలు లేచేదాకా నాయనమ్మే తోమింది. ఏడు పగిలాయి. గురువారం పదిహేడు పాతాం. శుక్రవారం పొద్దున కొలిస్తే ఎనిమిదంగుళాలు. కుండ చుట్టూ నల్లటి తడి చార. నాయనమ్మ దాన్ని వేలితో తాకి చూసుకుంది.

నలభై ఒక్క మొక్కలు బతికాయి. వాటిలో అయిదింటిని నాయనమ్మ విత్తనానికని విడిచి, ఒక్క ఆకూ తుంచనివ్వలేదు. ఏటా అంతే. 1985లో ఆవిడ పోయింది. మరుసటేడు నేను కాలేజీకి వెళ్లాను. విత్తనానికి మొక్క విడవాలని ఎవరికీ గుర్తులేదు.

ఆ చేను ఇప్పుడు కార్ పార్కింగ్. పోయినవి: అరెకరం నేల, ఇరవై మూడు కుండలు, నాయనమ్మ, ఆ విత్తనం. వసారాలో నాయనమ్మ పక్కన కూర్చుని, పన్నెండు కుండలకు ఆముదం రాసింది నేనే. ఆ లెక్క ఒక్కటే నోట్‌బుక్‌లో లేదు.