బిడ్డ లేని అత్తకు అల్లుడు

‘మిర్యాలగూడలో అనాథ వృద్ధురాలి మృతి’ అని మొన్న మీ పేపర్లో వేశారు. అది తప్పు. పోయింది మా పెద్దమ్మ. దవాఖానలో ఆమె మంచం పక్కన ముగ్గురం ఉన్నాం. మీ విలేకరి మాతో మాట్లాడి కూడా అనాథ అని రాశాడు. ఇది చదివేవాళ్లకు ఆమె ఎవరో నేను చెప్పాలి.

భర్త పోయాడు, పిల్లలు లేరు. గదులు కిరాయికి ఇచ్చేది. కిరాయి కంటే ముందు వరుస తేల్చేది. త్రిపురారం నుంచి రైసుమిల్లు హమాలీ పనికి వచ్చిన రోజు నేను ‘అమ్మా’ అంటే కసిరింది.

“అమ్మ మీ ఊర్ల ఉన్నది గద. నేను నీకు పెద్దమ్మనైత. వరుస లేనోళ్లు నా ఇంట్ల ఉండద్దు.”

చిలుకూరు లారీ డ్రైవరు ఆమెకంటే రెండు మూడేళ్లే చిన్న. ఆయన అల్లుడయ్యాడు. మొగుణ్ణి వదిలేసి గరిడేపల్లి నుంచి వచ్చి జాకెట్లు కుట్టుకునే ఆమె కోడలైంది.

“నీకు కొడుకే లేకపాయె, నేనెట్ల కోడలినైత అత్తా?”

“ఉంటే నీతోని కొట్లాడుతుండె. లేడు, మంచిగైంది.”

ఒకసారి అల్లుడు మమ్మల్ని లారీలో ఎక్కించుకుని సూర్యాపేటకు సినిమాకు తీసుకుపోయాడు. ఒకరికొకరు ఏమీ కాని నలుగురు, ఇంటి ఓనరుకు దొంగ వరుసలు చెప్పి ఒకే ఇంట్లో బతికే కథ. హాలంతా నవ్వి నవ్వి చివర్లో ఏడ్చింది. పెద్దమ్మ మూతి ముడుచుకుంది.

“గాళ్లు ఓనరుకు భయపడి నాటకమాడుతున్నరు. మనం ఎవ్వలికి భయపడ్డం?”

“మన ఇంటి మీద సినిమా తీస్తే నాకేం వేషం అత్తా?” అన్నాడు అల్లుడు.

“నీ మీసాలకు విలనే.”

దవాఖానలో మీ విలేకరి “ఆమెకు మీరేమవుతారు?” అని అడిగాడు. నేను కొడుకునన్నాను, ఆమె ఇంట్లో కిరాయికి ఉంటానని కూడా చెప్పాను. డ్రైవరు అల్లుణ్ణన్నాడు.

“మరి ఆమె బిడ్డేది, నీ భార్య?”

“బిడ్డ లేదండి.”

కోడల్ని “నీ భర్త ఎక్కడ?” అన్నాడు. “ఆయనకూ ఈమెకూ సంబంధం లేదు” అంది.

విలేకరి నవ్వుకుని పెన్ను జేబులో పెట్టుకున్నాడు. రక్తసంబంధమని ఒక్క అబద్ధం చెబితే సరిపోయేది. మాకు తట్టలేదు. అబద్ధం అవసరమనే అనుకోలేదు.

ఇప్పుడు వాడకట్టులో “అనాథకు దినమేందిరా, ఎవ్వలొస్తరు?” అంటున్నారు. అత్త పిలవందే అల్లుడు ఏనాడూ ఆమె గడప దాటి లోపలికి రాలేదు. నిన్న లారీ దిగి వచ్చి, చెప్పులు విడిచి, అరుగు మీదే కూర్చున్నాడు. కోడలు లోపలికి రమ్మంది.

“నువ్వు పిలిస్తే ఎట్లా వస్తానమ్మా” అన్నాడు.

ఇంకా అక్కడే ఉన్నాడు.

ఆదివారం దశదినకర్మ. అనాథ అని వేసిన చోటే, అంతే పెద్ద అక్షరాలతో, ఆమెకు కొడుకు, కోడలు, అల్లుడు ఉన్నారని వేయండి. వేస్తారో లేదో శుక్రవారం సాయంత్రం లోగా జవాబు చెప్పండి.